గవరయ్య కుడికాలు

దొడ్డిగుంట ఊళ్ళో అందరికీ తెలివి ఎక్కువే. ఎంత ఎక్కువంటే, పక్క ఊళ్ళవాళ్ళు వాళ్ళని సలహా అడగడానికి కూడా జంకుతారు. "కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేస్తాం, లేనిది ప్రాణం పోయినా చెయ్యం" అని ఛాతీ విరుచుకుని చెప్పుకుంటారు. అందులో గవరయ్య మరీను.

అలాంటి గవరయ్య కుడి అరికాల్లో మేకు దిగింది. పది రోజుల్లో మేనకోడలు పైడమ్మ పెళ్ళి. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావాల్సింది మేనమామే కదా! ఆ పిల్ల పుట్టిన రోజు నుంచీ ఆయన ఆ ముచ్చట కోసమే కాచుకుని ఉన్నాడు. "కాలు తగ్గకపోతే నా బతుకెందుకే నూకాలూ!" అని పెళ్ళాం దగ్గర నిజంగానే ఏడ్చేశాడు.

ఊరి ఆసుపత్రిలో నర్సు విమల సూది వేసి, మందిచ్చి, పుండు ఎలా కడుక్కోవాలో అచ్చేసిన కాగితం చేతిలో పెట్టింది. కాగితం మీద ఓ కాలు బొమ్మ ఉంది. ఎడమకాలు.

అంతే. మొగుడూ పెళ్ళాం కూర్చుని మూడు రోజులు ఎడమకాలు కడిగి, మందు రాసి, కట్టు కట్టారు. కుడికాలు పొంగిన పూరీలా వాచింది.

"పుండున్న కాలు వదిలేసి బాగున్న కాలికి కట్టారేంటి?" అని నర్సు నెత్తి బాదుకుంది.

"బొమ్మిచ్చింది నువ్వే గదమ్మా. నీకు తెలవదేటని ఊరుకున్నాం" అంది నూకాలు.

నర్సు మంచిది. తప్పు కాగితానిదే అనుకుంది. కుడికాలికి తనే కట్టు కట్టి, కొత్త కాగితం తీసి, కుడికాలు బొమ్మ వేసి, తన చేత్తో రాసింది: "రోజూ కాలు సబ్బుతో కడిగి, తుడిచి, మందు రాసి, కట్టు కట్టాలి."

ఇంకేముంది! రోజూ కట్టు మీదే సబ్బు రుద్దారు, కట్టు మీదే మందు రాశారు, దాని మీద ఇంకో కట్టు కట్టారు. మూడో రోజుకి కాలు గుమ్మంలో పట్టలేదు. నర్సే ఇంటికి వచ్చింది.

"పాత కట్టు విప్పలేదేం?"

"విప్పమని ఏదీ, సూపించు?" అని గవరయ్య కాగితం ఆవిడ ముక్కు ముందు పెట్టాడు. చూస్తే నిజంగానే లేదు.

నర్సు ఇంకో కాగితం తీసి, "సరే. మీకు ఎలా ఉంటే అర్థమవుతుందో మీరే చెప్పండి, అలాగే రాస్తాను" అంది. నూకాలు కొంగు బిగించి గడగడా చెప్పింది: "గవరయ్య కుడికాలికున్న పాత కట్టు విప్పాలి. సబ్బుతో కడగాలి. తుడిచి మందు రాయాలి. కొత్త కట్టు కట్టాలి."

నర్సుకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేటగా తనే రాయలేకపోయింది! మురిసిపోయి, తక్కిన రోగులు కూడా చూసి నేర్చుకుంటారని ఓ నకలు ఆసుపత్రి గోడకి అంటించింది.

మర్నాడు తెల్లారేసరికి గవరయ్య వాకిట్లో బారులు తీరారు జనం. జ్వరమొచ్చినవాళ్ళు, దగ్గొచ్చినవాళ్ళు, పన్ను సలిపినవాళ్ళు, అందరి చేతుల్లోనూ సబ్బుబిళ్ళలే.

"నాకు కడుపునొప్పి మావా. కాలియ్యి" అన్నాడొకడు.

ఒకడు విప్పి కడిగి కడతాడు, వెనకవాడు విప్పి కడిగి కడతాడు. పొద్దుగూకేసరికి ముప్పై ఇద్దరు కడిగారు. పుండు మానే మాట దేవుడెరుగు, పాదం నానిన అటుకులైంది. నర్సు పరుగెత్తుకొచ్చి జనాన్ని తరిమి, "వారం రోజులు ఈ కాలు నేలకి ఆనకూడదు!" అని రాసి గవరయ్య మెళ్ళో వేలాడదీసింది.

పెళ్ళేమో మూడు రోజుల్లో ఉంది. గవరయ్య బావురుమన్నాడు. "ఇరవై ఏళ్ళుగా సూత్తన్నానే! మరి బుట్టెవరు మోత్తారు?"

నూకాలు కళ్ళు మెరిశాయి. "మేనమామ ఉండాలి, పెళ్ళికూతురు ఉండాలి, బుట్ట ఉండాలి. లోపలెవరుండాలో ఏ కాగితంలో ఉందయ్యా?"

అంతే! పెళ్ళిరోజు గవరయ్య బుట్టలో కాళ్ళు ముడుచుకు కూర్చున్నాడు. పట్టుచీర ఎగదోపుకుని పైడమ్మ ఓ పక్క, ఆమె నేస్తాలు ఓ పక్క పట్టుకుని రొప్పుకుంటూ మోసుకొచ్చారు. ఆయన కాలు నేలకి ఆనలేదు. ఆనందంతో కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి పాపం.

పెళ్ళికొడుకు అప్పలకొండది కూడా దొడ్డిగుంటే. తడబడతాడేమోనని పురోహితుడు ముందే ఓ చీటీ రాసిచ్చాడు: "బుట్టలో వచ్చినవారి మెడలో తాళి కట్టాలి. మూడు ముళ్ళు." బాజాలు మోగాయి. అప్పలకొండ చీటీ చూశాడు, బుట్ట చూశాడు, వంగి గవరయ్య మెళ్ళో మూడు ముళ్ళూ బిగించేశాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! ఇప్పరా!" అని గవరయ్య గావుకేక పెట్టాడు.

అప్పలకొండ చీటీ అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. "ఇప్పమని ఇందులో లేదు గదా మావా" అన్నాడు.

"ఔను, లేదు" అన్నారు చుట్టాలందరూ. గవరయ్య కూడా చీటీ తీసుకుని చూసి, "లేదురా" అని ఒప్పుకున్నాడు.

పందిట్లో ఓ మూల లడ్డూ తింటున్న నర్సు విమల అది ఆకులో పెట్టేసి లేచింది. "ఎవరైనా ఓ కాగితం, పెన్ను ఇవ్వండి" అంది.