పులి కబురు

నల్లకొండ కింద ఉన్నది ఒక్కటే మడుగు. ఎండాకాలం వచ్చిందంటే అడవి అంతా దాహానికి అక్కడికే రావాలి. ఆ సంగతి పులికీ తెలుసు. ఆ ఏడు నీళ్లకెళ్లిన జింకపిల్లలు కొన్ని తిరిగి రాలేదు.

చెట్టు మీద నుంచి అదంతా చూసిన కొండముచ్చు సింగన్నకు మనసు మనసులో లేదు. నేరుగా ఏనుగు గజమ్మ దగ్గరికి పోయాడు. వెదురుతోపులో గజమ్మకు పెద్ద కొట్టం ఉంది. కొత్త వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు అది పుట్టిల్లు. ఎలుగుబంటి తేనె వ్యాపారమూ, గిజిగాడి గూళ్ల వ్యాపారమూ అక్కడ పురుడుపోసుకున్నవే.

"అవ్వా, పులి కనబడగానే చెట్టు మీంచి కేకేస్తాను. మడుగు దగ్గరున్నవాళ్లు తప్పించుకుంటారు. నాకు పళ్లు తెచ్చిస్తారు. ఎట్లా ఉంది?"

"వినడానికి బాగుందిరా. పనిలో ఎట్లా ఉంటుందో చూద్దాం" అంది గజమ్మ. "మంచి ఎత్తయిన చెట్టు నేను చూపిస్తా. నేల మీద కాపలాకు తీతువు పిట్టను తోడిస్తా. నీ పక్కనే నేనూ ఉంటా. నిలబడితే పళ్లలో నాలుగో వంతు కొట్టానికి. చెడితే నష్టంలో నాకూ పాలుంది."

"సరే అవ్వా! రేపే అడవంతా చాటింపు వేయిస్తా."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా? ముందు ఒక్క జింకల మందతో చేసి చూడు. పులి వేషం నేను కడతా."

గజమ్మ పొదల చాటున నిలబడింది. సింగన్న గొంతెత్తి కేకేశాడు. జింకలు తలో దిక్కుకూ పరుగెత్తాయి. కొన్ని వచ్చి గజమ్మ కాళ్లకే గుద్దుకున్నాయి.

"నేను నిజం పులినైతే ఈ పూట నాకు పండగే" అంది గజమ్మ.

సింగన్న మొహం వాడిపోయింది. "నా ఆలోచన పనికిరాదవ్వా."

"ఆలోచనకేం, బంగారం. పులి వచ్చిందని చెప్పావు. ఎటు నుంచి వచ్చిందో చెప్పావా?"

తీతువు రెక్కలు దులిపింది. "కొండవైపైతే ఒక్క కేక, వాగువైపైతే రెండు. నేను కింద చూసి చెబుతా, నువ్వు పైనుంచి అందుకో అన్నా."

జింకలకు అలవాటయ్యేదాకా ముగ్గురూ విసుగులేకుండా ఆడించారు. తర్వాత నిజం పులే కొండ దిగింది. ఒక్క కేక వినబడింది. మందంతా ఒక్కటిగా వాగువైపు దూకింది. పులి ఉత్త పంజాతో వెనక్కి పోయింది. ఇక అడవంతా సింగన్న చెట్టు కిందికి వచ్చి చేరింది.

నక్కకు కళ్లు కుట్టాయి. "ఆలోచన నీది, గొంతు నీది. ఆ ముసల్దానికి వాటా ఎందుకు బావా? నాతో వచ్చేయ్" అంది.

"పడ్డప్పుడు పట్టుకున్న చేతిని లేచాక వదలను బావా" అన్నాడు సింగన్న.

"అరవడమేమైనా బ్రహ్మవిద్యా!" అంటూ నక్క మడుగుకు అవతలి గట్టున దుకాణం తెరిచింది. "సింగన్నకిచ్చేదాంట్లో సగమిస్తే చాలు" అని అడవిపందులను పోగేసింది. చవక అనేసరికి పందులు వెనకాముందూ చూడలేదు.

ఒకనాడు రాళ్ల మధ్య చారలు కదిలాయి. గట్టు మీద కూచున్న నక్క గొంతు చించుకుని ఊళ పెట్టింది.

"ఎటు? ఎటు?" అన్నాయి పందులు. నక్క ఊళ పెడుతూనే ఉంది. ఏ దిక్కో తెలియని పందులు తలలు వంచి, కోరలు ముందుకు పెట్టి, ఊళ వినబడ్డవైపే కట్టకట్టుకుని గట్టెక్కాయి. నక్కను తొక్కుకుంటూ అవతలికి దొర్లాయి. ఆ దుమ్ము చూసి పులే జంకి పక్కకు తప్పుకుంది.

కాస్త కోలుకున్నాక నక్క కుంటుకుంటూ వెదురుతోపుకు వచ్చింది. "అవ్వా, నా దగ్గర ఓ కొత్త ఆలోచన ఉంది."

గజమ్మ తొండంతో చోటు చూపించింది. "కూచో నాయనా. ముందు అది ఎవరిదో చెప్పు."

ఆలోచనను ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, దాన్ని నిలబెట్టిన అనుభవాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.