చుక్కానికి వేసిన గవ్వ

ఒక దీవికి ఒకే పెద్ద పడవ ఉండేది. దీవిలో చేపలు తప్ప మరేమీ దొరకవు. బియ్యానికైనా, మందుకైనా, పెళ్ళిబట్టలకైనా ఆ పడవెక్కి అవతలి ఒడ్డుకు పోవలసిందే. దారిలో నది సముద్రంలో కలిసే మొగ ఉంది. అక్కడ అలలు ఎదురెదురుగా కొట్టుకుంటాయి. అడుగున ఇసుక ఒకచోట ఉండదు.

అందుకని మూడేళ్ళకొకసారి దీవి జనమంతా కలిసి చుక్కాని పట్టే మనిషిని ఎన్నుకునేవారు. తాటాకు తడిక వెనక బుట్టలు పెట్టేవారు. ఎవరు కావాలనుకుంటే వాళ్ళ బుట్టలో ఒక గవ్వ వేసి రావడమే.

దీవిలో రెండు జాతులవాళ్ళున్నారు. ఎర్రగా ఉండే గట్టువాళ్ళు కొండల వైపు నుంచి ముందు వచ్చారు. నల్లగా, ఉంగరాల జుట్టుతో ఉండే రేవువాళ్ళు తర్వాత సముద్రం మీద వచ్చారు. ఎన్ని తరాల తర్వాతో ఎవరికీ తెలియదు. ‘తర్వాత’ అన్న మాటను మాత్రం గట్టువాళ్ళు మరచిపోలేదు. చుక్కాని ఎప్పుడూ గట్టు మగవాళ్ళ చేతిలోనే ఉండేది.

ఒక ఏడు రేవువాళ్ళలో నుంచి నూకాలు అనే ఆమె నిలబడింది. ముప్పై దాటిన మనిషి. పదేళ్ళుగా చిన్న దోనె మీద ఒంటరిగా మొగ దాటి చేపలమ్ముకొస్తోంది. ఆమెకు పోటీగా గట్టువాడు పైడయ్య నిలబడ్డాడు. పైడయ్యది పెద్ద ఛాతీ, పెద్ద గొంతు. అతను మొగ దాటింది ఎక్కువగా ప్రయాణికుడిగానే.

అచ్చియ్యమ్మ గట్టు మనిషి. మొగుడు పోయాక వలలు అల్లి ఒక్కగానొక్క కూతురు చిట్టెమ్మను పెంచుకుంటోంది. ఆమె నూకాలు దోనె నడపడం వందసార్లు చూసింది. అయినా గవ్వ తీసుకెళ్ళి పైడయ్య బుట్టలో వేసింది.

పైడయ్య గెలిచాడు. మర్నాడు నూకాలు వల బాగుచేయించుకోవడానికి వచ్చి, అరుగు కింద నిలబడి మెల్లగా అడిగింది.

“అక్కా, నాకు వెయ్యలేదు కదూ. ఎందుకు?”

అచ్చియ్యమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. “ఆడదానివి. పైగా రేవు పిల్లవి. ఎలా వేస్తానే?”

ఆ మాటలో ఆమెకు తప్పేమీ తోచలేదు. ఆకాశం నీలంగా ఉందన్నంత మామూలుగా అంది. నూకాలు వల భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

రెండో ఏడు శ్రావణంలో పైడయ్య ఆటుపోట్లు చూసుకోకుండా పడవను మొగలోకి తోలాడు. పడవ పక్కకు ఒరిగింది. పదకొండు మంది నీళ్ళలో పడ్డారు. వాళ్ళలో చిట్టెమ్మ ఒకతె. ఒడ్డున అందరూ గుండెలు బాదుకుంటూ ఉంటే నూకాలు తన దోనె నీళ్ళలోకి నెట్టింది. మూడు విడతలుగా పదకొండు మందినీ ఒడ్డుకు చేర్చింది. రెండో విడతలో చిట్టెమ్మ వచ్చింది.

అచ్చియ్యమ్మ తడిసిన కూతురిని కరుచుకుని, నూకాలు కాళ్ళ మీద పడబోయింది. నూకాలు ఆపింది. “లే అక్కా. ముందు పిల్ల ఒళ్ళు తుడు.”

తర్వాతి ఎన్నికలో నూకాలు గెలిచింది. రేవువాళ్ళు తమ మనిషని వేశారు. ఆడవాళ్ళు చాలామంది ఆడమనిషని వేశారు. అచ్చియ్యమ్మ కళ్ళనీళ్ళతో వేసింది. ఆ మూడేళ్ళలో పడవ ఒక్కసారీ ఒరగలేదు. నూకాలును మళ్ళీ ఎన్నుకున్నారు. రోగులు సమయానికి వైద్యుడి దగ్గరికి చేరారు. చిట్టెమ్మ పెళ్ళిబట్టలు చుక్క నీరు తగలకుండా వచ్చాయి. అచ్చియ్యమ్మ దీపం పెట్టినప్పుడల్లా దేవుడి పేరు తర్వాత నూకాలు పేరు తలుచుకునేది.

నూకాలు చుక్కాని పట్టిన అయిదో ఏడు గాలివానకు మొగలో ఇసుక కదిలింది. పడవ నడిచే పాత పాయ పూడిపోతూ వచ్చింది. ఉత్తరాన కొత్త పాయ తెరుచుకుంది. సింహాద్రి అనే గట్టువాడు రోజూ తన దోనెలో వెళ్ళి వెదురు గెడతో లోతు చూసేవాడు. “వదినా, పాత పాయలో నడుం లోతే ఉంది” అని రెండుసార్లు నూకాలుకు చెప్పాడు.

“ఆ పాయ నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు” అంది నూకాలు.

నెల తిరక్కుండా పడవ పాత పాయలో ఇసుకకు తగులుకుంది. ప్రాణాలు పోలేదు. ఒక గర్భిణి సగం రోజు ఎండలో నొప్పులతో మెలికలు తిరిగింది. అందరూ దిగి, పడవను భుజాలతో నెట్టుకొచ్చారు. వాళ్ళలో అచ్చియ్యమ్మ కూడా ఉంది.

ఊళ్ళో ఇక అదే మాట. “ఆడదాని చేతికిస్తే ఇంతే” అన్నారు గట్టువాళ్ళు. “మనమంటే గిట్టక పుకార్లు పుట్టిస్తున్నారు” అన్నారు రేవువాళ్ళు. ఇసుక గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఎన్నిక వచ్చింది. నూకాలుకు పోటీగా సింహాద్రి నిలబడ్డాడు. అచ్చియ్యమ్మకు వారం రోజులు అన్నం సయించలేదు. నూకాలుకు వెయ్యకపోతే బిడ్డను బతికించిన చేతిని కొట్టినట్టవుతుంది. సింహాద్రికి వేస్తే, చివరికి తన జాతి మగాడికే వేసిందంటారు. నూకాలును చూసి నవ్వేవాళ్ళ సరసన తననూ నిలబెడతారు. కళ్ళు మూసుకుంటే ఆ గర్భిణి మూలుగు వినపడేది. ఆ రోజు నడుం లోతు నీళ్ళలో తన పాదాలకు తగిలిన ఇసుక గుర్తొచ్చేది.

ఆమె సింహాద్రి బుట్టలో గవ్వ వేసింది. సింహాద్రి గెలిచాడు.

అదే సాయంత్రం ఆమె రేవుకు నడిచి వెళ్ళింది. ఇన్నేళ్ళలో నూకాలు గుమ్మం తొక్కడం అదే మొదలు. నూకాలు వాకిట్లో చేపలు కడుగుతోంది.

“నీకు వెయ్యలేదు నూకాలూ” అంది అచ్చియ్యమ్మ, నిలబడే.

నూకాలు చెయ్యి ఆగింది. “ఎందుకక్కా?”

“పాయ మారింది. నువ్వు చూళ్ళేదు. ఆ అబ్బాయి చెప్పినా వినలేదు. నా బిడ్డను ఇచ్చినదానివి. నన్ను తిట్టు. వింటాను.”

నూకాలు ముఖం వాడిపోయింది. ఓటమి బాధ ఎవరికైనా బాధే. తర్వాత ఆమె చేతులు కడుక్కుని, పీట తెచ్చి వేసింది.

“కూర్చో అక్కా. మొదటిసారి నా ఒంటిని చూసి వెయ్యలేదు. ఆ ఒంటిని నేనేం దిద్దుకోను? ఏడ్చి ఊరుకున్నాను. రెండోసారి నీ కూతురి ముఖం చూసి వేశావు. సంతోషించాను. అయినా లోపల ఏదో వెలితి.” ఆమె కళ్ళు నిండాయి, పెదవులు మాత్రం నవ్వాయి. “ఇవాళ నా చుక్కానిని చూశావు. ఇన్నేళ్ళకి ఒక్క మనిషి చూసింది. నీకు దణ్ణం పెట్టాలక్కా.”

అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషి పీట మీద కూర్చుంది.

“మూడేళ్ళ తర్వాత మళ్ళీ నిలబడతాను” అంది నూకాలు.

“నిలబడు.”

“బాగా నడపననిపిస్తే అప్పుడూ వెయ్యకు.”

“వెయ్యను” అంది అచ్చియ్యమ్మ. నూకాలు ఆమె చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.