తొలి పంక్తిలో గేదె

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడకు ఆనుకున్నవాళ్లు కూడా రావాలి. గోడ ఎక్కడికీ పోదు, మీరు లేచి రండి. చాప చాలకపోతే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోండి. ఏమర్రా, ఆకలేస్తోందా? మంచిదే. ఈ కథ ఆకలి మీద వింటేనే రుచి.

ఒకానొక రాజ్యంలో, చింతలదుర్గమని దాని పేరు, గండరగండ భూపాలుడనే రాజు ఉండేవాడు. పేరెంత పొడుగో మీసమూ అంత పొడుగు. ఆ రెండింటికన్నా పొడుగు ఆయనగారి ఆకలి. యుద్ధం వాయిదా వేయమంటే వేసేవాడు గాని, భోజనం వాయిదా అంటే మాత్రం కత్తి దూసేవాడు.

ఆ రాజుగారు కొత్త కొలువుకూటం కట్టించాడు. కట్టించాడంటే ఏమిటో తెలుసుగా? ఆయన నీడన కూర్చుని వేలు చూపించాడు. రాళ్లు చెక్కినవాళ్లు చెక్కారు, దూలాలు ఎత్తినవాళ్లు ఎత్తారు, సున్నం తట్టలు మోసినవాళ్లు మోశారు. కట్టడం లేచింది, పేరు రాజుగారికొచ్చింది.

చింతలదుర్గంలో ఒక ఆచారం ఉండేది. గుడిసె కానీ, మేడ కానీ, గృహప్రవేశం నాడు తొలి పంక్తి దాన్ని కట్టినవాళ్లదే. తాము కట్టిన కప్పు కిందే వాళ్లు కూర్చోవాలి. ఇంటి యజమాని వంగి తొలి ముద్ద తన చేత్తో వడ్డించాలి. వాళ్లు చేతులు కడుక్కున్నాకే మిగతావాళ్లకు విస్తళ్లు.

రాజుగారికి ఇది గొంతులో ముల్లయింది. 'పొరుగు రాజులు చూస్తుండగా తట్టలు మోసేవాళ్లకు నేను వంగి వడ్డించడమా! పైగా వాళ్లు తిని లేచేదాకా నేను పస్తా!'

దారి చూపించినవాడు పెట్టుబడుల మంత్రి సింగనార్యుడు. ఆయన అరచేతికి పుట్టినప్పటి నుంచీ మట్టి అంటలేదు. వీపు దురద పెడితే గోకడానికి కూడా మనిషి ఉండేవాడు.

"ప్రభూ! రాయి ఎవరిది?" అన్నాడు మంత్రి.

"నాది."

"కలప?"

"నాదే."

"పని చేస్తున్నన్నాళ్లూ వాళ్లు తాగిన అంబలి?"

"అదీ నా గాదెలోదేనయ్యా."

"మరి వాళ్లేం తెచ్చారు ప్రభూ? చేతులూపుకుంటూ వచ్చారు, చేతులూపుకుంటూ పోతారు. పెట్టుబడి పెట్టినవాడిదే కట్టడం. శ్రమ అంటారా, కంటికి కనబడదు, తక్కెట్లో తూగదు. అది ఏమీ కాదు. ఏమీ కానిదానికి తొలి పంక్తా?"

రాజుగారి మీసం నిటారుగా లేచింది. "భేష్! తొలి పంక్తి మనది, మన అతిథులది. కట్టినవాళ్లకు ఏనుగుల సాల వెనకాల వడ్డించండి, మనం తినగా మిగిలింది!"

ఆ కొలువులో చెంచురామయ్య అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం. ఈ మాట విని తిన్నగా కొత్త కూటానికి వెళ్లాడు. అక్కడ తట్టలు మోసే ముఠాకు పెద్దదిక్కు నాగులమ్మ, నేల మీద పడ్డ సున్నపు చుక్కల్ని గోకుతూ కూర్చుంది. కబురు అప్పటికే ఆమెకు చేరింది.

"పోనీలే నాగులమ్మా, ఎక్కడ తింటే ఏముంది? కూడు కూడే కదా" అన్నాడు చెంచురామయ్య, ఏమంటుందో చూద్దామని.

"కూడు మా ఇంట్లోనూ ఉంది సామీ" అంది ఆమె చెయ్యి ఆపకుండా. "ఈ కప్పుకు సున్నం నా నెత్తి మీదుగానే ఎక్కింది. ఒక్కపూట దాని కింద కూచుని తలెత్తి చూసుకుందామనుకున్నా. రేపు తలుపులు బిగించాక మమ్మల్ని గడప తొక్కనిస్తారా?"

చెంచురామయ్య తల గోక్కుంటూ కోటకు తిరిగొచ్చాడు. దారిలో వంటశాల ముందు ఆగి, లోపలికి తొంగిచూసి, తనలో తనే కిసుక్కున నవ్వాడు.

మర్నాడు నిండు కొలువులో లేచి నిలబడ్డాడు. "ప్రభూ, నాదో మట్టిబుర్ర సందేహం. ఏమీ కానిదాన్ని తీసేస్తే ఏమైనా తగ్గుతుందా?"

"పిచ్చివాడా, ఏమీ కానిదాన్ని తీసేస్తే తగ్గేదేముంటుంది?" అన్నాడు మంత్రి.

"అలాగైతే గృహప్రవేశం విందు నాకు వదిలేయండి. మంత్రిగారి సూత్రం ప్రకారమే జరిపిస్తాను. పెట్టుబడిలో ఇసుమంత కూడా తగ్గనివ్వను."

రాజు మురిసిపోయాడు. "విందు నీదే! కాని ఏ వస్తువు తగ్గినా నీ నెత్తిన తట్ట పెట్టించి ఇంకో కూటం కట్టిస్తాను, చూసుకో."

"మహాప్రసాదం" అన్నాడు చెంచురామయ్య.

గృహప్రవేశం రోజు రానే వచ్చింది. పూజలని, హోమాలని రాజుగారు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. కడుపులో ఎలుకలు కాదు, ఏనుగులే పరుగెడుతున్నాయి. అతిథులతో వచ్చి పీటల మీద కూర్చున్నాడు. పక్కనే మంత్రి.

ముందుగా ఒక్కొక్కరి ముందు గుప్పెడు మోదుగాకులు, నాలుగు పుల్లలు పెట్టారు.

"ఇదేమిటి?" అన్నాడు రాజు.

"విస్తరి ప్రభూ. కుట్టలేదంతే."

ఆకుల మీద వడ్లు పోశారు. పక్కన పొట్టు తీయని కందులు, గింజతో సహా చింతకాయలు. బూడిద గుమ్మడికాయ ఒకటి దబ్బున మంత్రిగారి ఒళ్లో పడింది. "అది కూర" అన్నాడు చెంచురామయ్య. పాయసం వంతు రాగానే రాజుగారి కళ్లు మెరిశాయి. ఆయన చేతికొక చెరుకుగడ ఇచ్చారు. ఇక పెరుగు అనేసరికి, మెడలో పూలదండతో ఒక పాడిగేదెను నడిపించుకొచ్చి సరిగ్గా పంక్తి మధ్యలో నిలబెట్టారు.

"పెరుగు ఇందులోనే ఉంది ప్రభూ, మొహమాటపడకండి!"

మంత్రి పరువు కాపాడుకుందామని నాలుగు వడ్లు నోట్లో వేసుకున్నాడు. అవి గొంతుకు అడ్డంపడి, కళ్లు తేలేసి దగ్గడం మొదలెట్టాడు.

"చెంచురామయ్యా!" రాజు గర్జించాడు. గర్జన సగంలోనే నీరసించింది. "ఏమిటీ దారుణం? అన్నమేదీ? వంటవాళ్లేరీ?"

"వస్తువు ఒక్కటైనా తగ్గిందేమో చూసుకోండి మహాప్రభూ. వడ్లు, పప్పు, పులుపు, తీపి, పాడి, అదిగో ఆ మూల కట్టెలు కూడా. పెట్టుబడి అంతా తమ ముందే ఉంది. ఏమీ కానిది ఒక్కటే తీసేశాను. వంటవాళ్లంటారా, వాళ్లూ చేతులూపుకుంటూ వచ్చినవాళ్లే కదా, ఏనుగుల సాల వెనకాల కూర్చోమన్నాను."

మంత్రి దగ్గు ఆపుకుని లేచాడు. "కుతర్కం! వడ్లే లేకపోతే ఆ వంటవాళ్లు ఏం వండుతారయ్యా, గాలా?"

"నిజమేనండీ మంత్రిగారూ! వడ్లు ఏమీ కాదని నేనెప్పుడన్నాను? చేతులు ఏమీ కాదన్నది తమరే. చేతులకు వడ్లు కావాలి, వడ్లకు చేతులు కావాలి. అయినా పాపం, తొలి పంక్తి నాది అని వడ్లెన్నడూ గోల చేయలేదు. వాటి తరఫున పీట ఎక్కింది తమరే!"

మంత్రి నోరు తెరిచేలోగా గేదె ముందుకు జరిగింది. ఆయన ఆకుల్లో వడ్లన్నీ ఒక్క నాలుకతో ఊడ్చేసింది. ఆకులు కూడా నమిలింది. ఆ తర్వాత మెల్లగా రాజుగారి చేతిలో చెరుకుగడ పట్టుకుని లాగింది. రాజు ఇటు లాగాడు, గేదె అటు లాగింది. గేదే గెలిచింది.

"ప్రభూ, వండకుండా వడ్డించినా వంక పెట్టని అతిథి ఇదొక్కటే" అన్నాడు చెంచురామయ్య. "తొలి పంక్తి దీనికే ఇప్పించండి."

రాజు మీసాలు వణికాయి. కోపమనుకుని అందరూ బిగుసుకుపోయారు. కాదు, నవ్వు! పొట్ట పట్టుకుని, కిరీటం జారేలా నవ్వాడు. నవ్వుతుండగానే ఎక్కణ్ణుంచో ఘుమఘుమ వచ్చింది. నవ్వు టక్కున ఆగింది.

"ఏమిటయ్యా ఆ వాసన?"

"జొన్న సంకటి, గోంగూర పులుసు ప్రభూ. కూలివాళ్లు ఇళ్ల నుంచి తలా ఇంత తెచ్చుకుంటే, మన వంటవాళ్లు ఏనుగుల సాల వెనకాల వండుతున్నారు."

"లోపలికి పిలిపించు! కుండలతో సహా!"

"తప్పకుండా. కాని ఈ ఊళ్లో కట్టినవాళ్లది తొలి పంక్తి. వడ్డించేది యజమాని."

రాజు మంత్రి వైపు చూశాడు, కుండల వైపు చూశాడు. ఉత్తరీయం నడుముకు చుట్టి గరిటె అందుకున్నాడు. అతిథులు లేచారు, కూలివాళ్లు వచ్చి కప్పు కింద కూర్చున్నారు. తొలి ముద్ద నాగులమ్మ ఆకులో పెట్టాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, తలెత్తి కప్పు వైపు చూస్తూ నెమ్మదిగా నమిలింది. తొందరేమీ పడలేదు. రాజుగారి కడుపు మాత్రం గుడుగుడుమంటూనే ఉంది. మంత్రి నీళ్ల చెంబు పట్టుకుని పంక్తి వెంట తిరిగాడు, సగం నీళ్లు తన కాళ్ల మీదే పోసుకుంటూ.

ఆఖరికి రాజుగారికీ సంకటి దక్కింది. తిని త్రేన్చి, భుజాన ఉన్న పట్టుశాలువ తీసి చెంచురామయ్యకు కప్పాడు. "ఇకనుంచి మా ప్రతి విందూ నీ చేతి మీదుగానే!"

చెంచురామయ్య శాలువ అంచు తడిమి చూశాడు. "ఎంత పనితనం! నేసినవాళ్ల పేరేమిటి ప్రభూ?"

రాజు బిక్కమొహం వేశాడు. తర్వాత నవ్వేసి, "కనుక్కుంటానులేవయ్యా! ఇంకో ముద్ద తిననీ ముందు!" అన్నాడు.

అదీ సంగతి. ఇక లేవండి, చాప దులిపి చుట్టండి. ఇళ్లకు పోయి అన్నాలు తినండి. తినేముందు ఒకసారి వంటింట్లోకి తొంగిచూడండి, వండిన మనిషి తిన్నదో లేదో.