అమావాస్య నాటి చింతగింజ

బెల్లం దిమ్మలు దొంగిలిస్తోందని వర్తకుడు గవరయ్య శెట్టి, తన కొట్లో తూకం వేసే నూకాలును ఊరి పెద్దల ముందు నిలబెట్టాడు.

నూకాలు ఒక కుండ తెచ్చి చూపించింది. "దిమ్మ అమ్మినప్పుడల్లా ఇందులో చింతగింజ వేస్తాను. సాయంత్రం గింజలూ, తగ్గిన దిమ్మలూ సరిచూసి కుండ ఖాళీ చేస్తాను. ఏ రోజూ తేడా రాలేదు. అమావాస్యనాడు మాత్రం కొట్టు మూసి ఉన్నా, మర్నాటికి రెండు దిమ్మలు తగ్గుతున్నాయి. తాళంచెవి ఎవరి మొలతాడుకు ఉంటుందో అయ్యగారే చెప్పాలి."

శెట్టి చెయ్యి మొల దాకా పోయి ఆగింది. వైద్యుడు ఆయన్ని తీపి మానమన్నాడని ఇంట్లో బెల్లం దాచేసిన భార్య ఎదురుగానే ఉంది. ఆయన తలెత్తలేకపోయాడు.

"ఇకనుంచి మీరు తిన్నా గింజ వెయ్యండయ్యా," అంది నూకాలు మెల్లగా.

మరుసటి అమావాస్య వెళ్ళిన తెల్లారి కుండలో ఒక్క గింజ ఉంది; తగ్గిన దిమ్మ కూడా ఒక్కటే. శెట్టి సిగ్గుపడి ఆ పూట కొట్టుకు రాలేదు.