గాటు పడని కొమ్మ

హైమవతికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఒక కంపెనీని ఇంకో కంపెనీలో కలిపే కాగితాలు రాసే లాయరు ఆమె. ఇప్పటికి పద్దెనిమిది కలిపింది. కాగితంలో ఒక్క పొల్లు పోదు. కానీ ఏడాది తిరిగేసరికి ఏదో ఒకటి బెడిసికొట్టేది. మొన్న కలిపిన సబ్బుల కంపెనీలో కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ క్యాంటీన్లో వేరే వేరే బల్లల దగ్గర తింటున్నారట.

ఇప్పుడొక చిన్న బిస్కెట్ల కంపెనీని పెద్దదాంట్లో కలపాలి. రెండు నెలల్లో సంతకాలు. అవి పడితే ఆఫీసులో ఆమె పార్ట్‌నర్.

నిద్ర పట్టక, నూజివీడు దగ్గర మామిడితోటలో ఉండే తన గురువు ఖాదర్ బాబా దగ్గరికి వెళ్ళింది.

"అన్నీ సరిగ్గానే రాస్తాను బాబా. ఎందుకు అతుక్కోవు?"

ఆయన అంటు కడుతున్నారు. చేతిలో పని ముగించి, కత్తీ పాత లుంగీ పీలికా ఆమెకిచ్చారు. కుండీలో ఉన్న టెంకమొక్కనీ, రసాల చెట్టు కొమ్మనీ చూపించారు.

"బెరడు చెక్కి, రెండూ ఆనించి గట్టిగా కట్టు."

"నేనా?"

"కలిపేదానివి నువ్వే కదా బేటీ."

కట్టింది. బాబా దాన్ని ఒకసారి చూసి, ఇంకో అంటు కట్టడానికి వెళ్ళారు.

మధ్యలో రెండుసార్లు పరుగెత్తుకొచ్చింది. "విప్పి చూడనా బాబా?"

"నీకు తొందర. చెట్టుకి లేదు."

సంతకాలు రేపనగా మళ్ళీ వచ్చింది, చంకలో ఫైలుతో.

"ఇప్పుడు విప్పు" అన్నారు.

పీలిక ఊడగానే మొక్క పక్కకి వాలిపోయింది. చెక్కినచోట నల్లగా ఎండిపోయింది. చెట్టుకొమ్మ మాత్రం నున్నగా ఉంది.

"కొమ్మని చెక్కలేదేం?"

"కాపు కాసే కొమ్మ కదా బాబా. దానికి గాటు పడకూడదనుకున్నాను." వాలిన మొక్కని నిలబెడుతూ అంది, "ఆ రోజే చూశారుగా. చెప్పలేదేం?"

"చెబితే కాగితం మీద రాసుకునేదానివి."

బాబా ఆ రోజు తాను కట్టిన అంటుని విప్పి ఆమె ముందుకి వంచారు. రెండు వైపుల గాట్లూ ఉబ్బి ఒకే ముడి అయ్యాయి. హైమ దాని మీద బొటనవేలు పెట్టింది. ఏ బెరడు ఎవరిదో తెలియలేదు.

అక్కడే గట్టు మీద కూర్చుని ఫైలు తెరిచింది. చిన్న కంపెనీ వదులుకోవలసినవి నలభై పేజీలున్నాయి. పెద్ద కంపెనీ వదులుకునేవి వెతికింది. చివరి అట్ట దాకా తిప్పింది.

ఫోను మోగింది. ఆఫీసు నుంచి పెద్దాయన పరాంకుశం గారు.

"ఏమ్మా, రేపు పదింటికి. స్వీట్లు కూడా చెప్పేశాను."

"ఆపండి సార్."

"అదేంటి? బిస్కెట్లవాళ్ళు అడ్డం తిరిగారా?"

"లేదు సార్. పెద్దవాళ్ళ వైపు ఇంకా చెక్కలేదు."

అవతల ఆయన హలో హలో అంటూనే ఉన్నారు. బాబా ఇంకో టెంకమొక్క కుండీని ఆమె వైపు జరిపారు.