తిరపమ్మ చెప్పిన సలహా

పూర్వం ఒక రాజ్యంలో, పిల్లల జబ్బుల గురించి తల్లులు ఒకరికొకరు సలహాలు చెప్పుకోకూడదని రాజవైద్యుడు వీరభట్టు చాటింపు వేయించాడు. ఏ సలహా అయినా ఆయన నోటి నుంచే రావాలట.

అలాంటిది, విరేచనాలు పట్టుకున్న కొడుకుకి ఆదెమ్మ ఉప్పు వేసిన గంజి తాగించి బతికించుకుంది. ఇదంతా పక్కింటి కుమ్మరి తిరపమ్మ నేర్పిందేనని వీరభట్టు ఇద్దరినీ సభకు ఈడ్పించాడు. తిరపమ్మకు భయం వేయలేదు. నిరుడు కూతురు పోయినప్పటి నుంచి ఆమెకు దేనికీ భయం వేయడం లేదు.

"సలహా చెప్పావా, లేదా?" అన్నాడు వీరభట్టు.

"చెప్పాను బాబయ్యా. నా సొంతం కాదు, నిరుడు తమరు నాకు చెప్పిందే. విరేచనాలు పట్టిన బిడ్డకు చుక్క నీళ్లు కూడా పోయకూడదన్నారని చెప్పాను."

"మరి ఇది గంజి ఎందుకు పోసింది?"

"నువ్వు అలాగే చేశావా, మీ పాపకు తగ్గిందా అని అడిగింది. జరిగింది చెప్పాను."

"ఇందులో ఏ మాటకు శిక్ష వేయమంటావు?" అని రాజు వీరభట్టును అడిగాడు. ఆ పూటే చాటింపు రద్దయింది.

గెలిచావని అందరూ అంటుంటే తిరపమ్మ ఇంటికి వచ్చింది. వాకిట్లో కుండలు, వసారాలో కుండలు. నీళ్లు అడిగి అడిగి, గొంతెండి పోయింది ఆ ఇంటి పిల్లే.