పిల్లి పడుకున్న పెట్టె

దస్తగిరికి కడుపు మండుతోంది. తిన్నది అరగక కాదు, నాగూర్‌ని చూడలేక.

కనిగిరి వైపు ఒక బోడిగుట్ట మీద అమానుల్లా షా గారి తకియా ఉండేది. తకియా అంటే ఫకీర్లు ఉండే చోటు. ఒక వసారా, రెండు గదులు, వంటకు ఒక పాక. కరెంటు తీగలు అంత ఎత్తుకు రాలేదు. కప్పు మీద సోలార్ పలకలు, లోపల మూలన ఒక పెద్ద బ్యాటరీ, అంతే. సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే వసారాలో బల్బు వెలిగేది. దాని కింద వలీల, అంటే దైవభక్తులైన మహనీయుల, కథల పుస్తకం చదివేవారు. వినడానికి కింది ఊళ్ళ నుంచి తురకలూ వచ్చేవారు, రెడ్లూ వచ్చేవారు, మేకలు తోలుకుపోతూ ఆగిపోయినవాళ్ళూ ఉండేవారు.

ఆ పుస్తకం దుమ్ము దులిపేది దస్తగిరి. దాని పట్టుగుడ్డ ఉతికేది దస్తగిరి. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టేది దస్తగిరి. హజ్రత్, అంటే అమానుల్లా షా గారు, చదువుతుంటే పక్కన కూర్చుని వినీ వినీ పుస్తకమంతా అతనికి నోటికి వచ్చేసింది. హజ్రత్‌కు చూపు మసకబారినప్పుడు పైకి అయ్యో అన్నాడు గానీ, ఇక పుస్తకం తన చేతికే వస్తుందని లోపల లెక్క వేసుకున్నాడు.

పుస్తకం నాగూర్ చేతికి వెళ్ళింది.

నాగూర్ గుట్ట ఎక్కి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు ప్రైవేటు బస్సులో క్లీనరు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "పామూరు, పామూరు, పామూరు" అని అరిచిన గొంతు. ఆ గొంతుతో వలీల కథలా! పైగా జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. హజ్రత్ తల ఊపుతున్నారు. ఇన్నేళ్ళ చాకిరీలో తన వైపు చూసి హజ్రత్ అలా తల ఊపిన గుర్తే లేదు దస్తగిరికి.

పుండు మీద కారం చల్లినట్టు, నాగూర్ రోజూ పుస్తకం పట్టుకొచ్చి అడిగేవాడు. "భాయ్, ఈ మాట ఎట్టా పలకాలి?"

దస్తగిరి చెప్పేవాడు. చెప్పి, పాక వెనక్కి వెళ్ళి కట్టెలు కొట్టేవాడు. ఆ రోజుల్లో తకియాలో కట్టెలకు కొదవ లేదు.

ముసురు పట్టింది. ఎండ సరిగా లేదు. ఒక సాయంత్రం కథ మంచి పట్టులో ఉండగా బల్బు ఎర్రబడి, మినుకు మినుకుమని, ఆరిపోయింది.

అందరూ ఉసూరుమన్నారు. దస్తగిరికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. చీకట్లో నాగూర్ ఏం చదువుతాడు? తనకైతే పుస్తకం అక్కర్లేదు. ఇప్పుడు హజ్రత్ అంటారు, దస్తగిరీ నువ్వు చెప్పు అని. గొంతు కూడా సవరించుకున్నాడు.

నాగూర్ తన సెల్‌ఫోన్ లైటు వేయబోయాడు. హజ్రత్ వద్దన్నారు.

"ఉన్న దీపం ఎందుకు ఆరిందో తెలియకుండా ఇంకో దీపం ఎందుకు?" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. జనం టార్చిలైట్లు వేసుకుని గుట్ట దిగారు. సవరించుకున్న గొంతుతో దస్తగిరి చాపలు చుట్టాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. జనం పలచబడ్డారు.

"ఒక్క బల్బును మోయలేని బ్యాటరీ కాదు అది" అన్నారు హజ్రత్. "దాన్ని ఎవరో తాగేస్తున్నారు."

"నాగూర్‌కు సెల్‌ఫోన్ ఉంది, హజ్రత్." ఆలోచించకముందే మాట నోట్లోంచి జారింది.

"చూసి చెప్పు."

దస్తగిరి చూశాడు. పిల్లి ఎలుకను చూసినంత శ్రద్ధగా చూశాడు. మబ్బు విడిచి ఎండ కాసినప్పుడే నాగూర్ ఫోను చార్జింగుకు పెడుతున్నాడు. నిండగానే ఫోనుతో పాటు చార్జరు కూడా పీకి, వైరు చుట్టి, సంచిలో వేసుకుంటున్నాడు.

"చార్జరెందుకు పీకడం? అక్కడే ఉంటే నీ సొమ్మేం పోయింది?" అని ఉండబట్టలేక అడిగాడు దస్తగిరి.

"బస్సులో అలవాటు భాయ్. ప్లగ్గులో వదిలేస్తే తర్వాతి స్టాపులో ఎవడో ఒకడు కొట్టేసేవాడు" అని నవ్వాడు నాగూర్. ఆ నవ్వు కూడా దస్తగిరికి నచ్చలేదు. దొరక్కపోగా నవ్వడం కూడానా.

అయినా హజ్రత్ దగ్గరికి వెళ్ళి, "ఆ ఫోనే హజ్రత్. దాన్ని మానిపించండి. కుదరదంటే పుస్తకం కొన్నాళ్ళు ఇంకెవరైనా..." అన్నాడు.

"నీ కళ్ళతో చూశావా?"

దస్తగిరి చుట్టి ఉన్న చాపను మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

హజ్రత్ మళ్ళీ అడగలేదు. బయట సన్నగా వాన పడుతోంది. ఆ వాన వైపు తిరిగి, "మన పిల్లి ఏది? రెండు రోజులుగా అలికిడి లేదు" అన్నారు.

"సామాన్ల గదిలో ఉంటుంది హజ్రత్. ముసురు పట్టిందంటే అక్కడి నుంచి కదలదు."

"పద, చూద్దాం."

సామాన్ల గది అంటే కానుకల గది. మొక్కు తీరినవాళ్ళు ఒకప్పుడు చాదర్లు, అగరొత్తులు తెచ్చేవారు. ఇప్పుడు కరెంటు సామాన్లు తెస్తున్నారు. ఎరువుల కొట్టు సుబ్బరామయ్య టీవీ తెచ్చాడు, దానికి సెట్‌టాప్ బాక్సు. లారీల ఆసామి పాటల యాంప్లిఫయరు తెచ్చాడు. ఒకావిడ ఓవెన్ తెచ్చింది. కట్టెల పొయ్యి మీద వండుకునే ఫకీర్లకు ఓవెన్! అందులో ఏనాడూ ఏదీ ఉడకలేదు గానీ, దాని మీది గడియారం మాత్రం తప్పు టైము చూపిస్తూ రేయింబవళ్ళు మెరుస్తుండేది.

వీటన్నిటికీ ప్లగ్గులు పెట్టి ఉంచింది దస్తగిరే. దాతలు వచ్చినప్పుడు నేరుగా ఆ గదిలోకే తొంగిచూసేవారు. తమ వస్తువు మీద ఎర్రదీపం కనిపిస్తే మొహం వెలిగేది. ఓసారి లారీల ఆసామి, "సుబ్బరామయ్య పెట్టెకు దీపముంది, మా దానికేమయింది? మాది పనికిరాలేదా?" అని నిష్ఠూరమాడాడు. అప్పటి నుంచి దస్తగిరి ఎవరి దీపమూ ఆరనివ్వలేదు.

తలుపు తీశారు. కిటికీ మూసి ఉండటంతో ముసురు చీకట్లో ఎర్రవీ, పచ్చవీ దీపాలు పురుగు కళ్ళలా కనిపించాయి. సెట్‌టాప్ బాక్సు మీద పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది.

"ఇవన్నీ ఏం చేస్తున్నాయి?" అని అడిగారు హజ్రత్.

"ఏమీ చేయడం లేదు హజ్రత్. ఊరికే ఉన్నాయి. నేనే రిమోటుతో ఆపేశాను."

హజ్రత్ పిల్లిని రెండు చేతులతో ఎత్తి చంకన పెట్టుకున్నారు. దస్తగిరి చెయ్యి పట్టుకుని పిల్లి పడుకున్న చోట ఆనించారు.

వెచ్చగా ఉంది.

"పిల్లి ఒంటి వేడి, హజ్రత్" అన్నాడు దస్తగిరి.

హజ్రత్ ఆ చేతిని పక్కనున్న యాంప్లిఫయరు మీదకు జరిపారు. అదీ వెచ్చగానే ఉంది. గోడకున్న అడాప్టరు మీదకు జరిపారు. దాని మీద ఏ పిల్లీ పడుకోలేదు.

"ఊరికే ఉన్నదానికి ఒళ్ళెందుకు కాలుతోంది, బేటా?"

హజ్రత్ వంగి ప్లగ్గులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టారు. ఒక్కో దీపమూ ఆరింది. ఓవెన్ మీద గడియారం కూడా ఆరింది.

"సుబ్బరామయ్య వస్తే ఏం చెప్పాలి హజ్రత్?"

"వస్తే పెడదాం. టీవీ చూసి వెళతాడు. వెళ్ళాక తీద్దాం."

మర్నాడు కూడా ఎండ అంతంతే కాసింది. సాయంత్రం బల్బు వెలిగింది. నాగూర్ చదవడం మొదలుపెట్టాడు. సగం కథ అయింది, బల్బు తొణకలేదు. ముప్పావు కథ అయింది, తొణకలేదు. దస్తగిరి వెనకాల గోడకు ఆనుకుని బల్బు వంకే చూస్తున్నాడు. అది ఆరాలని కోరుకుంటున్నాడని అతనికే తెలిసి సిగ్గేసింది. సిగ్గేసినా కోరిక పోలేదు. నాగూర్ పలికే ప్రతి మాటనూ అతని పెదవులు ముందే పలుకుతున్నాయి. ఒకచోట నాగూర్ తడబడ్డాడు. దస్తగిరి ఒళ్ళు పులకరించింది. నాగూర్ సర్దుకున్నాడు. ఎవరో ముసలమ్మ బిగ్గరగా ఏడ్చింది.

కథ నిండుగా ముగిసింది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. జనం నాగూర్ చేతులు కళ్ళకద్దుకున్నారు.

ఈలోగా పిల్లి సామాన్ల గదిలోంచి బయటికొచ్చింది. చల్లబడిన పెట్టె దానికి నచ్చలేదు కాబోలు. పాకలోకి వెళ్ళింది, పొయ్యి ఆరిపోయి ఉంది. వసారాలోకి వచ్చింది. కూర్చున్నవాళ్ళందరినీ ఒక చుట్టు చుట్టింది. నాగూర్ ఒళ్ళో కాలు పెట్టి తీసేసింది. నేరుగా వచ్చి దస్తగిరి ఒడిలోకి ఎక్కి, ముడుచుకుని, కళ్ళు మూసుకుంది.

జనం వెళ్ళిపోయాక హజ్రత్ కర్ర ఆనించుకుంటూ వచ్చి అతని ముందు నిలబడ్డారు.

దస్తగిరి తల ఎత్తలేదు. "నేనేమీ అనలేదు హజ్రత్" అన్నాడు. "ఊరికే కూర్చున్నాను."

హజ్రత్ వంగి పిల్లి తల నిమిరారు.

"వెచ్చని చోటు దీనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు" అని, లోపలికి వెళ్ళిపోయారు.

పుస్తకానికి పట్టుగుడ్డ చుడుతూ నాగూర్ అటు నుంచి పిలిచాడు. "భాయ్, ఇందాక నేను తడబడ్డ మాట, ఎట్టా పలకాలి?"

దస్తగిరి తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. ఆ పెట్టెలాగే వెచ్చగా ఉంది. ఆ చేతిని చాలాసేపు అక్కడే ఉంచాడు.